దుమ్ము దిగేదాకా ఆగుదాం

ఇంట్లోనే నలుపు తెలుపు ఫిల్మ్ కడుక్కోవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగైదు రోళ్లు అయ్యేసరికి ఒక సందేహం వస్తుంది. డెవలపర్ ఉష్ణోగ్రత సరిగ్గానే చూసుకున్నారు. హైపోలో ఉండాల్సినంతసేపు ఉంచారు. నీళ్లు మార్చి మార్చి కడిగారు. నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే ముచ్చటగా ఉంది. తీరా ప్రింటు తీస్తే ఆకాశం నిండా తెల్ల చుక్కలు, బుగ్గ మీద సన్నటి వంకర గీత. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి?

అనుమానం ముందుగా రసాయనాల మీదికి పోతుంది. డెవలపర్ పాతబడిందేమో, హైపో చాలలేదేమో అనిపిస్తుంది. చాలాసార్లు కారణం అక్కడ ఉండదు. కడగడమంతా అయిపోయాక ఫిల్మ్‌ను ఆరేసిన ఆ రెండు మూడు గంటల్లో గాలిలోంచి వచ్చి అంటుకున్న దుమ్మే ఆ చుక్కలన్నిటికీ మూలం. ఫిల్మ్ కడిగే పద్ధతి గురించి నేర్పేవాళ్లు ప్రతి నిమిషానికీ లెక్క చెబుతారు. ఆరేయడం దగ్గరికి వచ్చేసరికి దుమ్ము లేనిచోట వేలాడదీయండి అని ఒక్క మాటతో సరిపెడతారు. మన ఇళ్లలో దుమ్ము లేనిచోటు ఎక్కడుంది?

అలాంటి చోటు లేదు. కానీ అది లేకపోయినా పని జరుగుతుంది. దుమ్మును ఇంట్లోంచి తరిమేయలేకపోయినా, అది నేలకు దిగేదాకా మనం ఆగగలం. అలా ఆగితే సరిపోతుందని భౌతికశాస్త్రం గట్టిగా హామీ ఇస్తుంది. ఆ హామీ ఎంతవరకు నమ్మదగినదో ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

చుక్క ఎంత ఉంటే కంటికి ఆనుతుంది?

ముందు ఆ చుక్కలు తెల్లగానే ఎందుకుంటాయో చూడాలి. నెగటివ్‌లో వెలుగు నీడలు తారుమారవుతాయి. ప్రింటు తీసేటప్పుడు ఎన్‌లార్జర్ దీపం వెలుగు నెగటివ్ గుండా కాగితం మీద పడుతుంది. వెలుగు పడినచోట కాగితం నల్లబడుతుంది. నెగటివ్ మీద దుమ్ము రేణువు కూర్చుంటే వెలుగుకు అడ్డం పడుతుంది, ఆ మేరకు కాగితం తెల్లగానే మిగిలిపోతుంది. ప్రింటులో నల్లటి గీత కనిపిస్తే మాత్రం దాని కథ వేరు. ఫిల్మ్ మీది పూత గీసుకుపోయి, అక్కడి వెండి ఊడిపోయిందన్నమాట. దుమ్మయితే మళ్లీ కడగొచ్చు, ఊడిన వెండిని తిరిగి తేలేం. ఈ తేడా తర్వాత మనకు అక్కరకొస్తుంది.

35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో ఒక్కో ఫొటో 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని 8 అంగుళాలు, 10 అంగుళాల కాగితం మీదికి తెస్తే ఎనిమిది రెట్లకు పైగా పెరుగుతుంది. ఫొటోతోపాటు దుమ్ము కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. 70 మైక్రాన్ల వెంట్రుక ముక్క ప్రింటులో అర మిల్లీమీటరు దాటిన తెల్ల గీతగా తేలుతుంది. పుస్తకం చదివే దూరంలో మన కన్ను మిల్లీమీటరులో పదో వంతు దాకా పోల్చుకోగలదు. వెనక్కి లెక్కేస్తే, ఫిల్మ్ మీద సుమారు 12 మైక్రాన్లు దాటిన ప్రతి రేణువూ ప్రింటులో కనిపించే అవకాశముంది. అంతకన్నా చిన్నవి ఉన్నా లేనట్టే. ఈ 12 అనే అంకె గుర్తుంచుకోండి, మన లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ప్రింటు తీయకుండా స్కాన్ చేసుకునేవాళ్లకూ ఈ బెడద తప్పదు. రంగుల ఫిల్మ్‌కైతే కొన్ని స్కానర్లలో పరారుణ కాంతితో దుమ్మును గుర్తించి, ఆ చుక్కలను చెరిపేసే ఏర్పాటు ఉంది. రంగుల ఫిల్మ్‌లో చివరికి మిగిలేవి రంగులే, వాటి గుండా పరారుణ కాంతి సాఫీగా పోతుంది, ఒక్క దుమ్మే అడ్డం వస్తుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ మొత్తం వెండితో ఏర్పడుతుంది. వెండి పరారుణ కాంతిని కూడా ఆపేస్తుంది కాబట్టి ఏది బొమ్మో ఏది దుమ్మో యంత్రానికి తెలియదు. అందుకే నలుపు తెలుపు ఫిల్మ్ మీద దుమ్ము పడకుండా ముందే చూసుకోవాలి.

తడి జెలటిన్ ఎందుకు పట్టుకుంటుంది?

ఫిల్మ్‌ను అడ్డంగా కోసి చూస్తే ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఒకటి గట్టి ప్లాస్టిక్ రిబ్బను, దాన్ని ఆధార పొర అందాం. మిల్లీమీటరులో సుమారు ఎనిమిదో వంతు మందం ఉంటుంది. ఎక్కువగా సెల్యులోజ్ ట్రైఅసిటేట్‌తోనో పాలియెస్టర్‌తోనో చేస్తారు. రెండోది దాని మీద పూసిన ఎమల్షన్, దాన్ని కాంతి పూత అందాం. వెలుగు తగిలితే మారే వెండి లవణాల స్ఫటికాలు అందులో ఉంటాయి. ఆ స్ఫటికాలను చెదరకుండా పట్టి ఉంచేది జెలటిన్. పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసే పదార్థమది.

జెలటిన్ ఈ పనిలోకి రావడానికి ముందు ఫొటోగ్రాఫర్లు గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, ఆరేలోపే డెవలప్ చేసేవాళ్లు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లండు వైద్యుడు జెలటిన్‌లో వెండి బ్రోమైడును కలిపి పూయవచ్చని ప్రకటించాడు. అక్కడినుంచి పలకను ముందే తయారుచేసి ఆరబెట్టుకోవడం, తీసిన ఫొటోను తర్వాత తీరిగ్గా కడుక్కోవడం వీలైంది. ఈనాటి మన ఫిల్మ్ ఆ ఆలోచనకు కొనసాగింపే. ఊటీలో 1960లో నెలకొల్పిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో తెచ్చిన ఫిల్మ్‌లో ఉన్నదీ ఈ జెలటినే.

జెలటిన్ ఇంతకాలం నిలబడటానికి కారణం దాని నీటి దాహం. చల్లటి నీళ్లలో అది కరగదు, నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఆరినప్పుడు మిల్లీమీటరులో వందో వంతు మందం ఉండే కాంతి పూత నీళ్లలో నానితే ఎన్నో రెట్లు మందమవుతుంది. అలా ఉబ్బడం వల్లనే డెవలపర్, హైపో లోపలి స్ఫటికాల దాకా చేరగలుగుతాయి. మనకు ఫొటో ఇచ్చేదీ, దుమ్మును పట్టుకునేదీ ఆ ఉబ్బిన మెత్తదనమే.

మిద్దె మీద అప్పడాలు ఆరబెట్టినవాళ్లకు ఈ విషయం చేతికి తెలుసు. ఒత్తగానే అప్పడం తడిగా, మెత్తగా ఉంటుంది. దానిమీద ఇసుక రేణువు పడితే లోపలికి దిగిపోతుంది, ఆరాక గీకినా రాదు. గంట గడిచాక పైన పొర కట్టి తోలులా అవుతుంది, అప్పుడు పడిన రేణువు అంటుకుంటుందిగానీ దిగదు. పూర్తిగా ఎండి గలగలలాడేటప్పుడు దులిపితే రాలిపోతుంది. ఫిల్మ్ ఆరడంలోనూ ఈ మూడు దశలున్నాయి. మొదటి దశలో పైన నీటి పొర ఉంటుంది. వచ్చిన దుమ్ము ఆ నీటిలో పడుతుంది, నీళ్లు జారేటప్పుడు కొంత కొట్టుకుపోతుంది కూడా. రెండో దశలో నీటి పొర పోయి, ఉబ్బిన జెలటిన్ బయటపడుతుంది. అప్పుడు పడిన రేణువు చుట్టూ జెలటిన్ కుంచించుకుపోయి దాన్ని బిగించేస్తుంది. మూడో దశలో పూత గట్టిపడుతుంది, అప్పుడు వాలిన రేణువును ఊదితే చాలు.

అంటే ఫిల్మ్‌కు రోజంతా కాపలా అవసరం లేదు. మధ్యలో ఉన్న ఆ రెండో దశ, మన వాతావరణంలో సుమారుగా మొదటి గంటా రెండు గంటలు, క్షేమంగా గడిస్తే చాలు. అంతసేపు గాలిలో పెద్ద రేణువులు లేకుండా చేయగలమా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

దుమ్ము ఎంత వేగంగా దిగుతుంది?

పొద్దున కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగులో తేలే రేణువులను చూస్తే అవి ఎప్పటికీ కిందికి దిగవేమో అనిపిస్తుంది. అది సగమే నిజం. 1851లో జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త, ద్రవంలోగానీ గాలిలోగానీ చిన్న గుండ్రటి రేణువు ఎంత వేగంతో కిందికి దిగుతుందో లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. దాని సారం ఇది: రేణువు అడ్డుకొలత రెట్టింపైతే దిగే వేగం నాలుగు రెట్లవుతుంది. పదిరెట్లు పెద్దదైతే వంద రెట్లవుతుంది. పరిమాణంలో కొద్ది తేడా ఉన్నా వేగంలో బ్రహ్మాండమైన తేడా వస్తుంది.

నీటి సాంద్రత ఉన్న రేణువులకు ఈ లెక్క వేసి చూద్దాం. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో సెకనుకు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. రెండున్నర మీటర్ల ఎత్తున్న పైకప్పు నుంచి నేలకు చేరడానికి దానికి సుమారు 14 నిమిషాలు చాలు. 20 మైక్రాన్ల రేణువు నాలుగు నిమిషాల్లోపే దిగుతుంది. 100 మైక్రాన్లదైతే పది సెకన్లు. 1 మైక్రాన్ రేణువుకు మాత్రం అదే ఎత్తు దిగడానికి సుమారు 20 గంటలు పడుతుంది. ఇసుక, మట్టి రేణువులు నీటికన్నా బరువైనవి కాబట్టి ఇంకా తొందరగా దిగుతాయి. నూలు పోగుల ముక్కలు పొడవుగా, తేలిగ్గా ఉంటాయి కాబట్టి కొంత నిదానంగా దిగుతాయి.

ఇప్పుడు మన 12 మైక్రాన్ల అంకెను తెచ్చి ఈ లెక్క పక్కన పెట్టండి. ప్రింటులో కనిపించేంత పెద్ద రేణువులన్నీ పావుగంటలోపే నేల చేరతాయి. ఇరవై గంటలు గాలిలో తేలే రేణువులు ఫిల్మ్ మీద వాలినా ప్రింటులో కంటికి ఆనవు. మనకు హాని చేయగలిగిన దుమ్ము ఎక్కువసేపు తేలలేదు, ఎక్కువసేపు తేలేది హాని చేయలేదు. ప్రకృతి మనకు చేసిపెట్టిన ఈ మేలు చేతులారా పాడుచేసుకోకుండా ఉంటే చాలు, ఇంట్లోనే శుభ్రంగా ఫిల్మ్ ఆరబెట్టుకోవచ్చు.

పాడుచేసేది కదలిక. పైన చెప్పిన వేగాలన్నీ కదలని గాలికి వర్తిస్తాయి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో గాలి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో తిరుగుతుంది. సెకనుకు 3 మిల్లీమీటర్లు దిగే రేణువుకు ఆ గాలిలో దిగే దారే ఉండదు. పైగా ఫ్యాన్ రెక్కల అంచుల మీద పేరుకున్న దుమ్ము, నేల మీదికి చేరిన దుమ్ము మళ్లీ లేస్తుంది. మనిషి గదిలోకి వచ్చి వెళ్లినా ఇదే జరుగుతుంది. తలుపు తీస్తే గాలి కదులుతుంది, నడిస్తే నేల మీది దుమ్ము లేస్తుంది, మన నూలు బట్టల నుంచీ చర్మం నుంచీ కొత్త రేణువులు రాలతాయి. మరి పది నిమిషాలకోసారి ఆరిందా లేదా అని తలుపు తీసి చూసే అలవాటు ఫిల్మ్‌కు ఎంత చెరుపు చేస్తుందో ఊహించుకోవచ్చు.

ఫిల్మ్‌ను నిలువుగా వేలాడదీయడంలోనూ ఈ లెక్కే ఉంది. పైనుంచి నిటారుగా దిగే రేణువుకు నిలువుగా ఉన్న ఫిల్మ్ తన అంచును మాత్రమే చూపిస్తుంది. బల్ల మీద పరిచి ఆరబెడితే వెడల్పంతా దుమ్ముకు అప్పగించినట్టే. 36 ఫొటోల రోలు సుమారు 1.6 మీటర్ల పొడవుంటుంది. పై చివర ఒక క్లిప్పు, కింది చివర బరువైన మరో క్లిప్పు పెడితే అది ఊగకుండా, చుట్టుకుపోకుండా నిటారుగా నిలుస్తుంది. నేలకు ఒక అడుగైనా పైన ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే కొద్దిపాటి కదలికకే లేచే దుమ్మంతా ఆ అడుగులోనే తిరుగుతుంది.

స్నానాల గదిలో జరిగేది

ఫిల్మ్ ఆరేయడానికి స్నానాల గది మంచిదని ఈ పని తెలిసినవాళ్లంతా చెబుతారు. కారణం ఆవిరేనని ఎక్కువమంది అంటారు. ఆవిరి పాత్ర ఉంది గానీ, అసలు కారణాలు ఇంకా ఉన్నాయి. పడకగదిలో పరుపు, దుప్పట్లు, తెరలు, బట్టల బీరువా ఉంటాయి. నూలు పోగులకు అవే పుట్టిళ్లు. స్నానాల గదిలో పలకల గోడ, పలకల నేల తప్ప పోగులు రాల్చేది ఏదీ ఉండదు, అక్కడ వేలాడే తువ్వాలు ఒక్కటి తప్ప. దాన్ని ముందు బయట పెట్టాలి. గది చిన్నది, తలుపు ఒకటే, మనుషుల రాకపోకలు ఆపడం తేలిక.

రెండో కారణం తడి. గోడలు, నేల తడిగా ఉంటే వాటి మీదికి దిగిన దుమ్ము నీటికి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. గాలి కాస్త కదిలినా మళ్లీ లేవదు. అందుకే ఫిల్మ్ కడగడం మొదలుపెట్టే ముందే గది గోడల మీద, నేల మీద రెండు మూడు చెంబుల నీళ్లు చల్లి వదిలేయడం మంచి పద్ధతి.

మూడోది ఆవిరి. గాలిలోని ఆవిరి చినుకుగా మారాలంటే దానికి పట్టుకోవడానికి ఒక రేణువు కావాలని స్కాట్లండు శాస్త్రవేత్త జాన్ ఐట్‌కిన్ 1880ల్లో ప్రయోగాలు చేసి చూపించాడు. మేఘాలు, పొగమంచు ఏర్పడటానికి దుమ్ము ఎంత ముఖ్యమో లోకానికి తెలిసింది ఆయన వల్లనే. వేణ్ణీళ్లు పారించిన గది చల్లబడేటప్పుడు ఆవిరి కొంత గోడల మీద, కొంత గాలిలోని రేణువుల మీద నీరుగా చేరుతుంది. నీరు చేరిన రేణువు బరువెక్కి తొందరగా దిగుతుంది. తేమ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. స్థిర విద్యుత్తు నిలవదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

వీటన్నిటినీ కలిపితే ఒక వరుస వస్తుంది. ఫిల్మ్ హైపోలోంచి తీసి కడగడానికి ముందే స్నానాల గదిలో బట్టలన్నీ తీసేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, వెంటిలేటర్‌ను ఒక కాగితంతో మూయాలి. వేణ్ణీళ్లు కొన్ని నిమిషాలు పారించి, గోడలూ నేలా తడిపి, తలుపు వేసి బయటికి రావాలి. అరగంట అటువైపు పోకూడదు. లెక్క ప్రకారం పావుగంట చాలు. కానీ గాలి పూర్తిగా కుదురుకోవడానికీ, నూలు పోగులు దిగడానికీ కాస్త ఎడం ఇవ్వడం మంచిది. ఈలోగా ఫిల్మ్ కడగడం ముగుస్తుంది. అరగంట తర్వాత మెల్లిగా లోపలికి వెళ్లి, పైకప్పు నుంచి చుక్కలు రాలడం లేదని చూసుకుని, ఫిల్మ్ వేలాడదీసి, మెల్లిగా తలుపు వేసుకుని వచ్చేయాలి. పొడి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లకూడదు. చేతులూ ముంజేతులూ తడిపి వెళ్తే ఇంకా మంచిది. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు ఆ గది ఫిల్మ్‌ది.

నీటి మరకల సంగతి వేరు

దుమ్ము అనుకునేవాటిలో కొన్ని నిజానికి నీటి గుర్తులు. గుండ్రంగా, అంచు తెల్లగా ఉండే మచ్చ కనిపిస్తే అది గాలిలోంచి వచ్చినది కాదు. చివరిసారి కడిగిన నీటిలోంచి వచ్చినది. దక్కన్ పీఠభూమి రాళ్లలోంచి వచ్చే బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బకెట్ల అంచున, గీజరు లోపల తెల్లటి పొర కట్టేది ఇవే. ఫిల్మ్ మీద ఒక నీటి బొట్టు నిలిచి ఆరితే నీరు పోతుంది, లవణం మిగులుతుంది. ఆధార పొర వైపు అయితే ఈ మచ్చను తర్వాత తడిపి తుడిచేయవచ్చు. కాంతి పూత వైపు అలా కాదు. బొట్టు కింది జెలటిన్ ఇంకా ఉబ్బి ఉండగానే చుట్టూ ఉన్నది ఆరి బిగుసుకుంటుంది. ఆ లాగుడుకు వెండి రేణువుల అమరిక కదిలి మచ్చ శాశ్వతంగా నిలిచిపోవచ్చు.

దీనికి మందు రెండు భాగాలు. చివరి కడుగుడుకు స్వేదన జలం, అంటే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మేది, లవణాలు తీసేసిన నీరని సీసా మీద రాసి ఉంటే, ఈ పనికి సరిపోతుంది. ఆర్‌వో యంత్రం నీళ్లు బోరునీటికన్నా ఎంతో మేలు, అయితే వాటిలో లవణాలు పూర్తిగా పోవు. రెండో భాగం బొట్టు నిలవకుండా చేయడం. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. ఆ లాగుడు వల్ల నీటి ఉపరితలం బిగువుగా ఉండి బొట్టు కడుతుంది. దీన్నే తలతన్యత అంటారు. ఆ బిగువును సగానికి తగ్గించే ద్రవాలున్నాయి, వాటిని వెట్టింగ్ ఏజెంట్లు అంటారు. కోడాక్ వారి ఫొటో-ఫ్లో 200 అందరికీ తెలిసినది. ఒక పాలు ద్రవానికి 200 పాళ్ల నీరు కలిపి, అందులో ఫిల్మ్‌ను అర నిమిషం ఉంచితే నీరు బొట్లుగా నిలవకుండా పలచటి పొరగా కిందికి జారిపోతుంది. ఎక్కువ కలిపితే మేలు ఎక్కువవుతుందని అనుకోకూడదు, ఆ ద్రవమే ఫిల్మ్ మీద జిడ్డుగా మిగులుతుంది. గిన్నెలు తోమే సబ్బు ద్రవం తలతన్యతను తగ్గించినా, అందులోని రంగు, వాసన, ఉప్పు ఫిల్మ్ మీద నిలిచిపోతాయి.

ఇక తుడవడం. తడి ఫిల్మ్‌ను రెండు వేళ్ల మధ్య పట్టి లాగేవాళ్లున్నారు, స్పాంజితో లాగేవాళ్లున్నారు. ఉబ్బిన జెలటిన్ ఎంత మెత్తగా ఉంటుందో చూశాం. స్పాంజిలో ఒక్క ఇసుక రేణువు దాగి ఉంటే మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా గీత పడుతుంది. మొదట్లో చెప్పిన, తిరిగిరాని నల్ల గీత అదే. స్వేదన జలం, వెట్టింగ్ ఏజెంటు వాడాక తుడవాల్సిన అవసరం రాదు. వేలాడదీసి వదిలేస్తే నీరు తన బరువుకు తనే దిగుతుంది.

ఎండల్లో హైదరాబాదు, వానల్లో విశాఖ

ఒకే పద్ధతి పాటించినా ఊరిని బట్టి, కాలాన్ని బట్టి ఫలితం మారుతుంది. దీని వెనక ఉన్న కారణం తెలిస్తే ఎవరికి వారు సర్దుకోవచ్చు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది కాబట్టి తడి ఫిల్మ్ గదికన్నా చల్లగా ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది. మే నెలలో హైదరాబాదులో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న గాలిలో తడి ఫిల్మ్ ఉష్ణోగ్రత 24 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. విశాఖలో 33 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున తడి ఫిల్మ్ 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఊరు చల్లగా ఉన్నా ఫిల్మ్ వెచ్చగా ఉందన్నమాట. వెచ్చటి జెలటిన్ మరింత మెత్తగా ఉంటుంది, పైగా తేమ గాలిలో ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి కోస్తాలో వానాకాలంలో దుమ్ముకు దొరికే వ్యవధి పెరుగుతుంది. అక్కడ రాత్రి పడుకునే ముందు వేలాడదీసి తెల్లవారాక తీయడమే ఉత్తమం.

పొడి ఎండల్లో చిక్కు చివర్లో వస్తుంది. నీరంతా పోయాక చల్లబరిచేది లేక ఫిల్మ్ గది వేడికి చేరుతుంది. జెలటిన్ అతిగా ఎండి కుంచించుకుపోయి, ఆధార పొరను తనవైపు లాగుతుంది, ఫిల్మ్ వంపు తిరుగుతుంది. ఈ బాధ పాతదే. కోడాక్ 1903లో ఫిల్మ్ వెనకవైపు కూడా జెలటిన్ పూసి, రెండు వైపులా సమానంగా లాగేలా చేసి ఈ వంపును తగ్గించింది. నేటి ఫిల్మ్‌ల్లోనూ అలాంటి ఏర్పాటు ఉంటుంది. అయినా ఒక పక్క తొందరగా, ఒక పక్క నిదానంగా ఆరితే ఆ సమతూకం నిలవదు. ఎండాకాలంలో తడి నేల ఉన్న స్నానాల గది ఇందుకూ మంచిది, గాలి అతిగా పొడిబారదు.

జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వాడాలనిపించడం సహజం. దాంతో ఒకేసారి మూడు కీడులు జరుగుతాయి. కుదురుకున్న గాలిని కలచివేస్తుంది, దుమ్మును వేగంతో తెచ్చి తడి జెలటిన్‌కు కొడుతుంది, గాలి తగిలినచోట ముందుగా ఆరబెట్టి వంపు తెప్పిస్తుంది. రోలు మొత్తంలో తాగిన నీళ్లు ఒక చెంచాడు కూడా ఉండవు. వాటికి డ్రయ్యరు అక్కర్లేదు.

స్నానాల గది గంటలకొద్దీ ఖాళీగా ఉంచలేని ఇళ్లలో, కోట్లు దాచుకునే నిలువు జిప్పు కవరు ఈ పని చేస్తుంది. లోపల తడిగుడ్డతో తుడిచి, పైన కొక్కేనికి ఫిల్మ్ తగిలించి, కింద కొద్దిగా తెరిచి ఉంచి జిప్పు మూస్తే అదొక చిన్న ఆరుగది. స్టూడియోల్లో వాడే ఆరబెట్టే పెట్టెల్లో ఇంకో పద్ధతి ఉంటుంది. గాలిని వడపోసి లోపలికి నెడతారు. లోపలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉండటంతో సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. 1960ల మొదట్లో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ ఈ ఆలోచనను గదంత పెంచాడు. వడపోసిన గాలి నిదానంగా, ఒకే దిక్కున, ఆగకుండా పారుతూ గదిలోని రేణువులను మోసుకుపోయే శుభ్రగదిని రూపొందించాడు. చిప్పుల కర్మాగారాల్లోనూ, శ్రీహరికోటలో ఉపగ్రహాలను ప్రయోగానికి సిద్ధం చేసేచోటా ఉండేవి ఆ కోవకు చెందిన శుభ్రగదులే. అక్కడ మనుషులు లోపలే ఉండి పనిచేయాలి కాబట్టి గాలిని నడిపించక తప్పదు. మనకు ఆ అవసరం లేదు. ఫిల్మ్‌ను వదిలేసి బయటికి రాగలం కాబట్టి గాలిని ఆపేస్తే చాలు.

ఆరిన తర్వాత

కింది చివర, క్లిప్పు పక్కన చివరగా ఆరుతుంది. అక్కడ అంచు పట్టుకుని చూస్తే చల్లగా తగలకపోతే ఫిల్మ్ ఆరినట్టే. ఇక్కడితో తడి దుమ్ము బెడద ముగిసి, స్థిర విద్యుత్తు బెడద మొదలవుతుంది. తడి ఫిల్మ్ మీద విద్యుదావేశం నిలవదు, నీరు దాన్ని మోసుకుపోతుంది. ఆరిన ప్లాస్టిక్‌ను వేగంగా లాగినా, గుడ్డతో తుడిచినా ఆవేశం పుడుతుంది, అది ఎక్కడికీ పోలేక ఉండిపోయి చుట్టుపక్కల దుమ్మును లాక్కుంటుంది. నిలువుగా ఉన్నా, గాలి కదలకపోయినా సరే లాక్కుంటుంది. తేమ 50 శాతం దాటిన గాలిలో ఆవేశం తొందరగా జారిపోతుంది. చలికాలపు పొడి గాలిలో నిలుస్తుంది. అందుకని ఆరిన ఫిల్మ్‌ను ఆ గదిలోనే, ఇంకా కాస్త తేమ ఉండగానే, ఆరు ఫొటోల చొప్పున ముక్కలుగా కత్తిరించి కవర్లలో పెట్టేయాలి. అంచులు మాత్రమే పట్టుకోవాలి. దుమ్ము కనిపిస్తే రబ్బరు బుడ్డితో ఊదాలి, గుడ్డతో తుడవకూడదు.

ఇంత చేసినా ఒక్కోసారి ఒకటి రెండు రేణువులు జెలటిన్‌లో బిగుసుకుంటాయి. వాటిని గోటితోనో సూదితోనో తీయబోతే వెండి ఊడుతుంది. ఉబ్బే గుణం ఇక్కడ మనకు సాయపడుతుంది. ఆ ముక్కను శుభ్రమైన నీళ్లలో మళ్లీ నానబెడితే జెలటిన్ ఉబ్బి పట్టు సడలిస్తుంది, చాలాసార్లు రేణువు తనంతట తనే వదిలిపోతుంది. తర్వాత వెట్టింగ్ ఏజెంటులో ముంచి, కుదురుకున్న గాలిలో మళ్లీ ఆరేయాలి. కోస్తాలో ఉండేవాళ్లు ఆరిన నెగటివ్‌లను సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచుకోవాలి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చిన పదార్థం కాబట్టి తేమ తగిలితే బూజుకు అది మేత అవుతుంది.

ఈ శ్రమంతా ఎందుకంటే నెగటివ్ ఆయుష్షు చాలా పెద్దది. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. నూరేళ్లు దాటినా వాటినుంచి ప్రింట్లు తీయవచ్చు. మన అమ్మమ్మ ముఖమో, మన ఊరి చెరువు గట్టో ఉన్న నెగటివ్ కూడా అంతకాలం నిలవగలదు. దాని మీద పడిన చుక్క కూడా అంతకాలం నిలుస్తుంది. కాబట్టి ఈసారి రోలు కడిగేటప్పుడు కొత్త సామాను ఏదీ కొనకుండా ఒక్క మార్పు చేసి చూడండి. ఫిల్మ్ ఆరేయబోయే గదిలో అరగంట ముందే ఫ్యాను ఆపి, నేల తడిపి, తలుపు వేసేయండి. ఆరేశాక పూర్తిగా ఆరేదాకా ఆ తలుపు తీయకండి. వెనకటి రోలు ప్రింటునూ ఈ రోలు ప్రింటునూ పక్కపక్కన పెట్టి చుక్కలు లెక్కపెట్టండి.